వేలాడే రైలు దిగాక

ఫోటో తీసుకున్నావు కదా, ఇక దిగు.
ఏనుగుపిల్ల ఈ రైల్లోంచి నదిలోకి దూకిన కథ
పాలప్యాకెట్టు కూడా చెబుతుంది ఇక్కడ.
నేను చెప్పను.

నా పేరు రోస్విటా.
ఇరవై తొమ్మిదేళ్లు ఈ ఊరికి ఉత్తరాలు మోశాను.
వూపర్టాల్ నాకు మోకాళ్లతో తెలుసు,
ఎగువ పేటలు కుడి మోకాలికి, దిగువ పేటలు ఎడమ మోకాలికి.

గొడుగు తెచ్చావా?
ఇక్కడి పిల్లలు గొడుగుతోనే పుడతారంటారు.
మంత్రసానులు ఒప్పుకోరు గానీ
తల్లులెవరూ ఇంతవరకూ కాదనలేదు.

ఇవిగో మెట్లు. పేరు చదువు, పైకి చదువు:
టిప్పెన్ టాపెన్ ట్యోన్‌షెన్.
అర్థం వెతక్కు.
చెక్కచెప్పులు తెల్లారకముందే మిల్లుకు దిగిన చప్పుడట అది,
టిప్పు, టప్పు, మళ్లీ టిప్పు.
కాళ్లు పోయాయి, చెప్పులు పోయాయి, మిల్లు పోయింది.
చప్పుడుకు మాత్రం
మునిసిపాలిటీ వాళ్లు బోర్డు కట్టారు.

ఎన్ని మెట్లని అడక్కు.
ఎక్కేటప్పుడు ఒక లెక్క, దిగేటప్పుడు ఇంకో లెక్క.
క్రిస్మస్ ముందు వారం పెరుగుతాయి.
ఒట్టు, పెరుగుతాయి.

పైకొచ్చాం. దీన్ని నూనెగుట్ట అంటారు.
కింద వీధుల్లో కరెంటు బల్బులు వెలిగాక కూడా
ఇక్కడ చాన్నాళ్లు నూనెదీపాలేనట.
వెక్కిరించి పెట్టిన పేరు
ఇప్పుడు అద్దె ప్రకటనల్లో పెద్దక్షరాల్లో పడుతోంది.

మూలమీద కొట్టు నెజ్మియేది.
వాళ్ల నాన్న అద్దకం మిల్లులో చేసేవాడు,
పోయేదాకా గోళ్లు నీలంగానే ఉన్నాయట.
అప్పట్లో నది రంగు చూసి
ఆ వారం ఏ రంగుకు గిరాకీయో చెప్పొచ్చనేవాళ్లు.
ఇప్పుడు నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి.
పాత టైరు మీద నిలబడ్డ కొంగ
ఎవరినీ నమ్మనట్టు ఇంకా వాటిని చూస్తూనే ఉంటుంది.

పాత రైలుదారిలో సైకిళ్లు తిరుగుతాయి,
ఒక సొరంగంలో చలికాలమంతా గబ్బిలాలు పడుకుంటాయి.
అది నువ్వే చూసుకో, నాకు చీకటంటే పడదు.

రోన్స్‌డోర్ఫ్‌లో గున్‌ట్రామ్ మగ్గం చూపిస్తాను కానీ.
వేలెడు వెడల్పు పట్టీలు,
పది నాడెలు ఒక్కసారిగా అటూ ఇటూ.
ఒక్క పడుగుపోగు తెగినా చెవితో పట్టేస్తాడు.
మాట తెగితేనే పట్టుకోలేడు.
పోయిన మంగళవారం మొదలుపెట్టిన వాక్యం
నిన్న వెళ్తే ఇంకా వెతుకుతున్నాడు.
నేను అడ్డుపడలేదు. కాఫీ కలిపాను.

చివరిది ఏ పటంలోనూ లేదు.
బార్మెన్‌లో, ఈ సందు కొసన
ఆరు మెట్లు.
పైన ఇల్లు లేదు.
నలభై మూడు మే నెలలో ఒక్క రాత్రి చాలింది.
ఇనప రేకు మీద పద్నాలుగు అన్న అంకె ఉంది,
అంకెకు కాలడం రాలేదు.

నేను ఉద్యోగంలో చేరిన ఏడు
పద్నాలుగో నంబరుకు ఒక ఉత్తరం వచ్చింది,
ఒటీలియె హాకెన్‌బెర్గ్ గారికి, సముద్రం అవతలి నుంచి.
ఆరో మెట్టు మీద నిలబడ్డాను.
డబ్బా లేదు, తలుపు లేదు, గోడే లేదు.
'చిరునామా లేదు' ముద్ర కొట్టి వెనక్కి పంపాను.
రూలు రూలే.
మరుసటి మేలో మళ్లీ వచ్చింది. ఆపై మేలో కూడా.
అదే సిరా, కొంచెం వణుకు ఎక్కువ.
పదకొండు ముద్రలు కొట్టాను ఈ చేత్తో.
పన్నెండో మేలో రాలేదు.

ఆ ఏడు సంచీ దించకుండానే
ఆరు మెట్లూ ఎక్కాను, ఎందుకో.
పిచ్చిగడ్డిలో ఎవరో మరిచిన గ్లవ్‌ ఒకటి ఉంది.
దాన్ని రేకు పక్కన మేకుకు తగిలించి వచ్చేశాను.

కూర్చో. తడిగా ఉంది, ఈ పేపరు వేసుకో.
ఫోటో వద్దు.
కింద రైలు పోతోంది, విను,
ఆ మూలుగు, ఆ జారుడు, మలుపులో ఆ కీచు.
దానికీ ఎవరైనా
ఒక పేరు పెట్టుంటే బాగుండేది.